పోలమ్మ ఒక్క కుండ, జోగారావు వంద కుండలు

మొగలికోట రాజు నరహరి భూపతికి కార్తికం వస్తోందంటే గుబులు. సముద్రం ఒడ్డు రాజ్యం. ఏటా ఒక తుఫాను తప్పదు. ఆ ఏడు సభలో ఉన్నట్టుండి తొడ చరిచాడు.

"తుఫాను వచ్చేదాకా ఆగడం దేనికి? ఎల్లుండి మనమే రప్పిద్దాం!"

సభ నోరు తెరిచింది.

"తుఫాను కొట్టు తాళం ఈసారి ఎవరికివ్వాలో తేలాలి. పోటీకొచ్చేవాళ్లు తలా ఒక కొట్టు సర్దండి. ఒకరి కొట్టుకు ఇంకొకరు తుఫాను. గాలీ వానా ఏం చెయ్యగలవో అదే చెయ్యాలి, అంతకు మించి చెయ్యి పెట్టకూడదు. ఆ పొద్దు నేను పస్తుంటాను. ఎవరు ముందు నా కడుపు నింపితే తాళం వాళ్లది."

ముసురు రోజుల్లో రేవుపేటలోని రెండు వందల గడపలకు తిండి పంచేది ఆ కొట్టే. పదేళ్లుగా దాని తాళం ఉగ్రాణాధికారి జోగారావు మొలకు వేలాడుతోంది.

జోగారావు మీసం దువ్వాడు. "నాతో పోటీకి ఎవడొస్తాడు మహారాజా?"

"ఎవడూ రాడు గానీ, నేనొస్తాను బాబూ."

వంటశాల గుమ్మంలో పోలమ్మ. కోటలో వడ్లు దంచే మనిషి, రేవుపేట మనిషి, అరవై దాటింది. నిరుడు తుఫానులో జోగారావు ఇంటింటికీ రెండు కుంచాల బియ్యం పంచాడు. పంచిన మాట నిజమే. వండుకోడానికి నిప్పేదీ? ఎండు పుల్లేదీ? మూడు రోజులు పేటంతా పచ్చి బియ్యం నమిలింది. పోలమ్మకు మిగిలిన నాలుగు పళ్లలో ఒకటి ఆ బియ్యానికే ఊడింది. ఈ ఏడూ తాళం ఆ మొలకే వేలాడితే పేటలో పిల్లల గతి ఏమిటి?

"ఓడితే ఏం చేస్తావే ముసలీ?" అన్నాడు జోగారావు.

"కోటలో మళ్లీ రోకలి ముట్టను. సరేనా?"

రెండు రోజులు కోటంతా బండ్ల చప్పుడు. జోగారావు మూడు గదుల్లో బియ్యం, కందిపప్పు, నేతి జాడీలు, గుమ్మడికాయలు దట్టించాడు. చీమ దూరే సందు లేదు. పొయ్యీ కట్టెలూ మాత్రం పెరట్లో పెట్టించాడు. కట్టెలను చూసి మెచ్చుకునేదెవరు? ఆకలి ఎరగనివాడి తెలివి అంతే. బస్తా కనిపిస్తే అన్నం కనిపించినట్టే!

మూడో నాడు పొద్దెక్కేసరికి రాజుగారి కడుపు గుర్రుమంటోంది. మూడు గదులూ చూసి కళ్లు పెద్దవి చేశాడు.

"పోలమ్మా, నువ్వే తుఫానువి. ఎన్ని కుండల నీళ్లు కావాలి?"

"ఒకటి చాలు బాబూ."

జోగారావు పకపకా నవ్వాడు. "ఒక్క కుండతో నా వంద బస్తాలు తడుపుతుందట!"

పోలమ్మ బస్తాల వంక చూడనైనా చూడలేదు. తిన్నగా పెరట్లోకి నడిచింది. సగం కుండ కట్టెల మీద పోసింది. మిగతా సగం పొయ్యిలో పోసింది.

"నా తుఫాను వెలిసింది. ఇక వండుకోండి."

వంటవాళ్లు ఊదారు. విసిరారు. పొగ తప్ప మంట లేదు. మంత్రి దగ్గాడు. రాజుగారికి కళ్లమ్మట నీళ్లు కారాయి. ఆకలికి ఆగలేక గుప్పెడు బియ్యం నోట్లో వేసుకుని పటపటా కొరికి, బుగ్గ పట్టుకున్నాడు.

"గట్టిగా ఉన్నాయా బాబూ? మా పేట మూడు రోజులు నమిలింది."

రాజు బియ్యం ఉమ్మేశాడు.

జోగారావుకు ఒళ్లు మండింది. "ఇదా తుఫాను? నా తుఫాను చూడండి! వంద కుండలు పట్టుకురండిరా!"

పోలమ్మ కొట్టంటే తాటాకు పాక. దూలానికి మూతులు బిగించి కట్టిన కుండలు వేలాడుతున్నాయి. నేల మీద రెండు రాళ్లు, వాటి మీద పెద్ద వెదురు బుట్ట, పైన పల్చటి గుడ్డ. పొయ్యి లేదు, కట్టెలు లేవు.

జోగారావు నీళ్లు గుమ్మరించాడు. గోడలు తడిశాయి. వేలాడే కుండలు ఊగాయి గానీ మూతికట్లు ఊడలేదు. ఏది పాడుచెయ్యాలో తెలియక చుట్టూ చూశాడు.

అప్పుడు పోలమ్మ గుండెలు బాదుకుంది.

"బాబ్బాబు! ఎక్కడైనా పొయ్యండి గానీ, ఆ బుట్ట జోలికి పోకండి! నా తిండంతా అందులోనే ఉంది!"

జోగారావు కళ్లు మెరిశాయి. "గాలి మూతలు లేపుతుందే ముసలీ!" అంటూ గుడ్డ లాగేశాడు. బుట్టలో అటుకులు, రెండు రోజులుగా ఆమె దంచినవి. కుండ మీద కుండ ఎత్తి పోశాడు. నీళ్లన్నీ బుట్ట అడుగునుంచి జారిపోయాయి.

"మహారాజా, సరుకంతా తడిసిపోయింది! ముసలిది ఓడింది!"

పోలమ్మ చప్పున ఏడుపు ఆపింది. దూలం మీంచి ఒక కుండ దించి మూతి విప్పింది. బెల్లం తురుము, కొబ్బరి కోరు. రెండూ బుట్టలో పోసి కలిపింది. మెత్తగా, పువ్వుల్లా నానిన అటుకులు అరిటాకులో పెట్టి రాజు ముందుకు తోసింది.

"వంట అయింది మహారాజా. వండింది జోగారావు బాబే."

ఒక్క క్షణం ఎవరికీ అంతు పట్టలేదు. రాజు ముద్ద నోట్లో పెట్టుకున్నాక మంత్రి కిసుక్కుమన్నాడు. ఆ తరవాత నీళ్లు మోసిన బోయీలు, వంటవాళ్లు, భటులు అందరూ పొట్టలు పట్టుకున్నారు. జోగారావు చేతిలో కుండ చేతిలోనే ఉండిపోయింది.

"నాకు నీళ్లొక్కటే తక్కువయ్యాయి బాబూ," అంది పోలమ్మ. "తుఫాను వాటికి కరువు చెయ్యదుగా!"

రాజు జోగారావు మొలకున్న తాళంచెవి తానే ఊడబీకి పోలమ్మ కొంగుకు కట్టాడు. చేతి కంకణం తీసి ఆమె చేతికి తొడిగాడు. ఈ ఏడు రేవుపేటలో గడపకో అటుకుల కుండ, బెల్లం ముంత ముసురుకు ముందే చేరాలని హుకుం వేశాడు. ఇంతలో ఆకు ఖాళీ అయింది.

"పోలమ్మా, ఇంకో బుట్ట పెట్టు," అన్నాడు రాజు వేళ్లు నాక్కుంటూ. "ఏమయ్యా జోగారావూ, చూస్తావేం? నీళ్లు పొయ్యి!"