లక్క పోసిన కుండ

ఇంట్లో పళ్లకల్లు పెడితే కొరడా దెబ్బలని చాటింపు వేయించిన కొత్వాలు, నూకాలు ఇంట్లో నేరేడు రసం కుండ పట్టుకున్నాడు.

"నిన్న పిసికిన రసం బాబూ, ఇంకా పులవలేదు! మూతికి కట్టిన ఆ గుడ్డ తీసేసి, గాలాడకుండా బిగించి రాజుగారికే చూపించండి. లేకపోతే దారిలో నేనేదో కలిపానంటారు!" అంది నూకాలు, నవ్వు దాచుకుంటూ.

కొత్వాలు మూతికి లక్క పోయించాడు. నూకాల్ని బండెక్కించి, కుండ తన ఒళ్లో పెట్టుకుని, మండుటెండలో గతుకుల దారిన తోలించాడు. సభలో అడుగుపెట్టాడో లేదో, పొంగు బయటికి పోయే దారిలేక కుండ ఢామ్మని పేలింది! కొత్వాలు నిలువెల్లా నురగ!

"ఇది కల్లే!" రాజు గద్దించాడు.

"కల్లే ప్రభూ! నా ఇంట్లో ఉన్నంతసేపూ రసమే. ఎండలో పెట్టి, కుదిపి కుదిపి కల్లు చేసింది ఈ కొత్వాలుగారే!" అంది నూకాలు.

సభంతా గొల్లుమంది. రాజు ఆ కొరడా దెబ్బలు కొత్వాలుకే వేయించాడు.

ఇల్లు చేరగానే నూకాలు అటక మీద దాచిన అసలు కల్లుకుండ దించింది. "దెబ్బలు కొత్వాలుకి, గుక్కలు మనకి! రండర్రా!" అని ఇరుగుపొరుగుని కేకేసింది.