మేత పెట్టినవాడి పాట

అనగనగా ఒక అడవి. ఆ అడవిలో పాట పదిమందికీ చేరాలంటే చిలుకకి నేర్పాలర్రా. నేర్చుకున్నన్నాళ్లూ ఎవరో ఒకరు దానికి మేత పెట్టాలి. అదీ అక్కడి పద్ధతి.

సింగారి అనే పిగిలిపిట్ట దగ్గర వాళ్లమ్మ కట్టిన పాట ఒకటుంది. "పొగ వాసనొస్తే వాగు దాటండి పిల్లల్లారా" అని అందులో ఒక మాట. ఆ మాట అరిచి చెబుతూనే ఆ తల్లి కార్చిచ్చులో పోయింది, పాపం. ఆ పాట అడవంతా వినాలని సింగారి ఆశ.

తేనె అమ్ముకునే ఎలుగుబంటి భల్లయ్య వచ్చాడు. "చిలుకకి జామపళ్లు నేను పెడతానమ్మా. నువ్వు పాడు, చాలు" అన్నాడు. సింగారి ఎగిరి గంతేసింది.

మర్నాడే, "కాస్త హుషారుగా పాడమ్మా" అన్నాడు. సరేనంది. ఆ తర్వాత, "అమ్మ ఊసెందుకు, ఏడుపొస్తుంది" అన్నాడు. మేత పెడుతున్నాడు కదా అని దానికీ తలూపింది. చూడండి పిచ్చిది!

జాతరనాడు చిలుక కొమ్మెక్కి గొంతు విప్పింది. "భల్లయ్య తేనె, బహు తీపి తేనె! గంతులెయ్యండి పిల్లల్లారా!"

సింగారి చెవి ఒగ్గి వింది. రాగం అమ్మదే. పొగ లేదు, వాగు లేదు, అమ్మే లేదు!

"ఇదేంటి బాబాయ్! నా పాటేది?"

"మేత నాది. చిలుక నోట ఏం రావాలో నేనే చెబుతాను" అన్నాడు భల్లయ్య, మూతి తుడుచుకుంటూ.

సింగారి అక్కడినుంచి ఎగిరిపోయింది. తర్వాత తన ముక్కుతోనే రేగుపళ్లు ఏరి, చిలుకలాగే పాట పట్టే ఒక ముసలి గోరువంక దగ్గరికి వెళ్లింది. "నేను పెట్టగలిగింది ఇంతే తాతా. ఒక్క మాట కూడా మార్చకూడదు."

"పెట్టేది నువ్వే కదమ్మా, నీ ఇష్టం" అన్నాడు గోరువంక తాత.

సింగారి పస్తులుండి మరీ మేపింది. తాత పాట నాలుగు చెట్ల దాకానే వినపడేది. భల్లయ్య పగలబడి నవ్వాడు.

ఎండాకాలం కార్చిచ్చు రేగింది. "అయ్యో, నా బిడ్డ!" అంటూ భల్లయ్య పొగలో వెతికాడు. ఎక్కడా లేదు. అంతలో వాగు అవతల నుంచి, "నాన్నా! ఇటు రా!" అని కేక.

పరుగున దాటి బిడ్డని పొదువుకున్నాడు. "దారెవరు చెప్పార్రా నీకు?"

"మన చిలుక పాటలో దారే లేదు నాన్నా. గోరువంక తాత పాటలో ఉంది."

వాగొడ్డున కొమ్మమీద సింగారి కనిపించింది. భల్లయ్య బిడ్డనెత్తుకుని ఆ కొమ్మ కిందికి వెళ్లాడు. సింగారి అతన్ని చూడనేలేదు. పొగలో ఇంకా మిగిలినవాళ్ల కోసం గొంతెత్తి అమ్మ పాట పాడుతోంది.

నీతి: మన పాటకి మేత మనమే పెట్టుకుంటే, అందులో ఏ మాట ఉండాలో చెప్పేది మనమే.