ఊఁ కొట్టని కంటకాచార్యులు

అనగనగా ఒక అడవిలో, అందరికంటే ఎక్కువ తెలిసిన ముళ్లపంది ఒకడు ఉండేవాడు. ఎక్కువ తెలుసన్న సంగతి అతనే చెప్పాడు కాబట్టి మనమూ నమ్మేద్దాం. పేరు కంటకాచార్యులు. ఒంటినిండా ముళ్లే, మాటనిండా ముళ్లే. ఆ అడవిలో పిల్లలు ఏం తినాలో వాళ్ల తల్లులు చూసుకునేవారు. ఏం వినాలో మాత్రం కంటకాచార్యులు చూసుకునేవాడు. చూసుకోమని అతన్ని ఎవరూ అడగలేదు. అలాంటి పనులకు ఎవరూ అడగనక్కర్లేదు పిల్లలూ, గొంతు పెద్దదైతే చాలు.

కథ అన్నాక అందులో నీతి ఉండాలని అతని పట్టుదల. తను కూడా అప్పుడప్పుడు పిల్లలను కూర్చోబెట్టి కథలు చెప్పేవాడు. అతని కథలో ఒక చీమ పొదుపు చేసేది. రెండో చీమ ఇంకా ఎక్కువ పొదుపు చేసేది. మూడో చీమ పొదుపు చేయక చచ్చిపోయేది. పిల్లలు కదలకుండా వినేవారు, ఎందుకంటే కదిలితే మళ్లీ మొదటి చీమ దగ్గరనుంచి చెప్పేవాడు.

ఆ ఏడు ఎండాకాలంలో ఒక ముసలి అలుగు కొండ దిగి వచ్చింది. ఒంటినిండా పొలుసులు ఉన్నాయి కాబట్టి అందరూ ఆమెను పొలుసులవ్వ అన్నారు. మధ్యాహ్నం ఎండ మండిపోతుంటే ఇప్పచెట్టు నీడలో చతికిలబడి, చుట్టూ చేరిన పిల్లలకు కథ మొదలుపెట్టింది. ఆమె పెట్టిన షరతు ఒక్కటే.

"నేను చెబుతుంటే మీరు ఊఁ కొట్టాలి," అంది అవ్వ. "ఊఁ వినబడితేనే నాకు తర్వాతి మాట గుర్తొస్తుంది. ఊఁ ఆగిందా, కథ కూడా ఆగిపోతుంది."

"ఊఁ," అన్నారు పిల్లలు.

ఆ కథలో గిద్దడని ఒక చుంచుపిల్ల ఉన్నాడు. వాడి అమ్మ గొంతును ఒక మాంత్రికుడు దొంగిలించాడు. పాపం ఆ తల్లి నోరు తెరిచినా మాట బయటికి రాదు, కొడుకును పేరుపెట్టి పిలవలేదు. మాంత్రికుడి కోట ఏడు కొండల అవతల ఉంది. అమ్మ గొంతు వెతికి తేవడానికి పిడికెడంత గిద్దడు ఒంటరిగా బయలుదేరాడు. అదీ కథ.

ఈ వార్త కంటకాచార్యుల చెవిన పడింది. ఎవరో ముసల్ది మాయలు, మంత్రాలు చెప్పి పిల్లల్ని పాడుచేస్తోందని అతను మండిపడ్డాడు. తప్పులు పట్టుకోవాలంటే ముందు వినాలి కదా. పిల్లల మధ్య కూర్చుని వింటే పరువు పోతుంది. అందుకని వెళ్లి ఇప్పచెట్టుకు కాస్త దూరంలో ఉన్న పరికిపొద వెనక నక్కాడు.

మొదటి రోజు చాలా తప్పులు దొరికాయి. ఆ మాంత్రికుడు మనిషట. మనిషై ఉండి మాట్లాడతాడట. మనుషులు మాట్లాడటం ఎక్కడైనా ఉందా, వాళ్లు అరుస్తారు, అంతే, ఇలాంటివి విన్న పిల్లలు రేపు ఎక్కడైనా మనిషి కనిపిస్తే పలకరించడానికి పోతారు, అని కంటకాచార్యులు మూతి విరిచాడు. అంతలో కథలో ఒక వాగు అడ్డొచ్చింది. నీ సిగ్గు నాకు చెప్పుకుంటేనే దారిస్తానంది ఆ వాగు. గిద్దడు ఒడ్డున నిలబడి, నాకు చీకటంటే భయం, అమ్మ పక్కన లేకపోతే నిద్ర పట్టదు, అని చెప్పేశాడు. వాగు పక్కకు తప్పుకుంది. వాగులు పక్కకు తప్పుకోవు అని పొద వెనక ముళ్లపంది గొణుక్కున్నాడు, కానీ గొణుగుడు మునుపటంత గట్టిగా లేదు.

రెండో రోజు పిల్లలకంటే ముందే వచ్చి పొదలో మంచి చోటు చూసుకున్నాడు. తప్పులు బాగా వినబడాలని అన్నమాట. ఆ రోజు గిద్దడు కోటలోకి దూరాడు. పైకప్పు నిండా ఎండు సొరబుర్రలు వేలాడుతున్నాయి, ఒక్కో బుర్రలో ఒక్కో దొంగిలించిన గొంతు ఉంది. ఒక్క బుర్ర మూతే తీయొచ్చు. తప్పు బుర్ర తీస్తే గిద్దడి గొంతు కూడా పోతుంది. గుమ్మంలో మాంత్రికుడి చెప్పులు టకటకమన్నాయి. అది విని కంటకాచార్యుల ముళ్లన్నీ నిక్కబొడుచుకుని గలగలమన్నాయి. వాటిని రెండు చేతులా అదిమిపట్టుకున్నాడు. ఇంటికి వెళ్లాక చూసుకుంటే ఆ రోజు ఒక్క తప్పు కూడా పట్టలేదు.

మూడో రోజు ఎండ చంపేస్తోంది. పిల్లలు పొద్దున్నంతా వాగులో ఈది వచ్చి, నీడ తగలగానే ఒక్కొక్కరే వాలిపోయారు. ఊఁలు పలచబడ్డాయి. మాంత్రికుడి చెప్పుల చప్పుడు దగ్గరవుతుంటే గిద్దడు ఒక్కో బుర్రకు చెవి ఆనించి వింటున్నాడు. చివరికి ఒక చిన్న బుర్ర దగ్గర ఆగాడు. అమ్మ వాడిని ముద్దుగా ఒక పేరుతో పిలిచేది. ఆ పిలుపు వాళ్లిద్దరికి తప్ప లోకంలో ఎవరికీ తెలీదు. ఆ పిలుపు వినబడితే అమ్మ గొంతు, లేకపోతే తన గొంతు కూడా గోవిందా. గిద్దడు కళ్లు మూసుకుని మూత తీశాడు. లోపలినుంచి ఒక గొంతు...

అవ్వ ఆగింది. మిగిలిన ఒక్క కుందేలుపిల్ల కూడా నిద్రపోయింది.

"ఊఁ?" అంది అవ్వ.

కంటకాచార్యుల నోరు దానంతటదే తెరుచుకుంది. సరిగ్గా అప్పుడే పక్క పొదలో ఎవరో ఊపిరి బిగబట్టిన చప్పుడైంది. తిరిగి చూస్తే ఎలుగుబంటి జుత్తయ్య, తల పొదలో పెట్టి మిగతా ఎలుగుబంటినంతా బయటే వదిలేసి ఉన్నాడు. అటుపక్క బురదగుంటలో అడవిపంది వరహాలయ్య, ఎవరూ గుర్తుపట్టకుండా నెత్తిన ఒక ఆకు పెట్టుకున్నాడు. ఇంకాస్త అవతల కొంగ పంతులమ్మ చుక్క నీళ్లు లేనిచోట చేపలకోసం ఒంటికాలిమీద నిలబడి ఉంది. నలుగురూ ఒకరినొకరు చూసుకున్నారు. నలుగురి ప్రాణాలూ ఆ సొరబుర్రలోనే ఉన్నాయి. పక్కవాళ్లు ఊఁ అంటే బావుండునని నలుగురూ ఎదురుచూశారు.

"ఊఁ?" అని అవ్వ రెండోసారి అడిగింది. కాసేపాగి మూడోసారి కూడా అడిగింది. ఎవరూ కిక్కురుమనలేదు. పిల్లలు పడుకున్నట్టున్నారు అనుకుంటూ అవ్వ కూడా అటు తిరిగి పడుకుంది.

ఇప్పుడు నలుగురికీ ఒకటే భయం, మిగతా ముగ్గురూ అడవంతా చెప్పేస్తారేమోనని. కంటకాచార్యులే దారి కనిపెట్టాడు. మనం వినడానికి రాలేదు, తనిఖీకి వచ్చాం, అన్నాడు. తనిఖీ అనే మాట నలుగురికీ ఎంతో హాయిగా అనిపించింది. అయితే తనిఖీ అన్నాక తప్పు దొరకాలి కదా. అందుకని ఆ సాయంత్రమే రాతిగుండు దగ్గర సభ పెట్టారు. కథలో నీతి లేదని కంటకాచార్యులు, పొదుపు ప్రస్తావన బొత్తిగా లేదని పంతులమ్మ, అదే తన మాటని వరహాలయ్య చెప్పారు. జుత్తయ్య తల గోక్కుని ఊరుకున్నాడు. పిల్లలకు ఇక ఈ కథ చెప్పకూడదని తీర్మానించి, అవ్వను పిలిపించి ఆ ముక్క చెప్పారు.

అవ్వ కోపం తెచ్చుకోలేదు.

"సరే బాబూ, పిల్లలకు చెప్పొద్దంటున్నారు, చెప్పను," అంది. "పొద్దున్నే నా కొండకు నేను వెళ్లిపోతాను. కానీ గిద్దడు అక్కడ మూత తీసి పట్టుకుని నిలబడి ఉన్నాడు. వాడిని అలా వదిలిపెట్టి పోవడం నాకు ఇష్టం లేదు. ఇక్కడున్న పెద్దల్లో ఏ ఒక్కరికి వాడి సంగతి తెలుసుకోవాలని ఉన్నా ఒక్క ఊఁ అనండి. ఇప్పుడే పూర్తిచేసి పోతాను."

సభంతా కంటకాచార్యుల వైపు చూసింది. అతను ఊఁ అంటే అందరూ అంటారు. అది అతనికీ తెలుసు. ఇన్నేళ్లు పెంచుకున్న పరువంతా ఒక్క అక్షరానికి పోతుందా అనిపించింది. ఏదో ఒకటి చేయాలి కాబట్టి గట్టిగా దగ్గాడు. దగ్గు ఊఁ కాదని అవ్వకు తెలుసు. పొద్దున్నే ఆమె కొండెక్కి వెళ్లిపోయింది.

ఆ తర్వాత కంటకాచార్యులకు దుంపలు రుచించడం మానేశాయి. పోనీ మిగతా కథ నేనే అల్లుకుంటే పుట్టి మునుగుతుందా అని ప్రయత్నించాడు. అతను అల్లిన కథలో గిద్దడు సొరబుర్రలన్నీ జాగ్రత్తగా దించి వానాకాలానికి దాచుకున్నాడు. అది విని అతనికే ఆవలింత వచ్చింది. ఇంకో బాధ కూడా పట్టుకుంది. చిన్నప్పుడు తనను కూడా వాళ్లమ్మ ఏదో ముద్దుపేరుతో పిలిచేది. అదేమిటో ఎంత తన్నుకున్నా గుర్తు రావడం లేదు. ఆమె పోయాక అందరికీ అతను ఆచార్యులవారే. గిద్దడిని వాళ్లమ్మ ఏమని పిలిచిందో వింటే తన పేరు కూడా గుర్తొస్తుందని ఎందుకో గట్టిగా అనిపించింది. అలా అనిపించినందుకు సిగ్గుపడ్డాడు, తర్వాత ఏడ్చాడు.

చివరికి ఒకరోజు చీకటితోనే లేచి, ఎవరూ చూడకుండా కొండెక్కాడు. ఎక్కుతూ ఎక్కుతూ అవ్వకు ఏం చెప్పాలో సిద్ధం చేసుకున్నాడు. అవ్వ తన బొరియ ముందు ఎండలో కూర్చుని ఉంది.

"పిల్లల మేలు కోరి వచ్చాను," అన్నాడు. "వాళ్ల కోసమని మిగతా కథ తెలుసుకుంటే బావుంటుంది."

"అయితే పిల్లల్నే పంపండి బాబూ, చెబుతాను."

"అది కాదు. నేను పరిశోధన చేస్తున్నాను."

"అదిగో ఆ పుట్టలో చీమలున్నాయి, పరిశోధించుకోండి."

కంటకాచార్యులు చిన్నబుచ్చుకున్నాడు. కథంతా వినే తీరిక తనకు లేదని, సారాంశం చెబితే చాలని అన్నాడు.

"సారాంశమా, దానికేం భాగ్యం," అంది అవ్వ. "గిద్దడు వెళ్లాడు. తెచ్చాడు. ఇంటికొచ్చాడు."

కంటకాచార్యులు తలూపాడు. వెళ్లాడు, తెచ్చాడు, వచ్చాడు. అడిగింది దొరికింది. వెళ్లిపోవడానికి వెనక్కి తిరిగాడు, కాళ్లు మాత్రం కదల్లేదు.

"మరి వాళ్లమ్మ ఏమని పిలిచింది?" అని అడిగాడు. ఆ గొంతు అతనిది కాదేమో అన్నంత చిన్నగా ఉంది.

అవ్వ అతనివైపు జాలిగా చూసింది.

"అది కథలో ఉంటుంది నాయనా, సారాంశంలో ఉండదు. రా, ఇలా కూర్చో. మొదటినుంచి చెబుతాను. ఒక్క ఊఁ అను, చాలు."

కంటకాచార్యులు చుట్టూ చూశాడు. పిట్ట కూడా లేదు. ఇక్కడ ఊఁ అంటే వినేవాళ్లు లేరు, వెక్కిరించేవాళ్లు లేరు. అయినా నోరు రాలేదు. ఎవరి ముందూ పోని పరువు తన ముందే పోతుందని భయమేసింది. సభలో చర్చించి చెబుతానని గొణిగి, గబగబా కొండ దిగడం మొదలుపెట్టాడు.

సగం దిగేసరికి జుత్తయ్య రొప్పుకుంటూ ఎదురొచ్చాడు. వెనకే వరహాలయ్య, పంతులమ్మ ఉన్నారు. తనిఖీకా అని అడిగాడు కంటకాచార్యులు.

"కాదండీ, కథకే," అన్నాడు జుత్తయ్య. "ఆ రోజు సభలో నోరు మూసుకున్నాను చూడండి, అప్పట్నుంచి తేనె కూడా సయించడం లేదు. ఇంత ఒళ్లు పెంచి చుంచుపిల్ల కథకు ఏడుస్తున్నావేంట్రా అని మా ఆవిడ కూడా నవ్వింది. నవ్వితే నవ్వనీండి. మీరూ రాకూడదూ?"

తను ఇప్పుడే అక్కడినుంచి వస్తున్నానని, సారాంశం తెలిసిపోయిందని కంటకాచార్యులు చెప్పాడు. ఏమైందో చెప్పమని ముగ్గురూ చుట్టూ మూగారు. వెళ్లాడు, తెచ్చాడు, వచ్చాడు అని చెప్పాడు. ఇంకా ఏమైనా ఉందేమోనని వాళ్లు కాసేపు అలాగే నిలబడ్డారు. లేదని తెలిశాక జుత్తయ్య అతని భుజం తట్టబోయి, ముళ్లు గుర్తొచ్చి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. ముగ్గురూ పైకి వెళ్లిపోయారు.

కంటకాచార్యులు దారిపక్కన ఒక బండమీద కూర్చున్నాడు. కాళ్ల నొప్పి తగ్గాక వెళదామనుకున్నాడు. పైనుంచి ఊఁలు వినబడసాగాయి. జుత్తయ్యది బొంగురు ఊఁ, వరహాలయ్యది ముక్కుతో ఊఁ, పంతులమ్మది సన్నటి ఊఁ. అవ్వ గొంతు మాత్రం అంత దూరం రావడం లేదు. చాలాసేపు గడిచాక ఊఁలు ఒక్కసారిగా ఆగిపోయాయి. జుత్తయ్య భోరున ఏడుస్తున్న చప్పుడు వచ్చింది, ఏడుస్తూనే నవ్వుతున్నాడు. సొరబుర్రలోంచి ఆ తల్లి తన కొడుకును పిలిచి ఉంటుంది. ఏమని పిలిచిందో కంటకాచార్యులకు వినబడలేదు.

నీతి: నచ్చిన కథకు ఊఁ కొట్టడానికి వయసు అడ్డం రాదు, పెద్దరికమే అడ్డం వస్తుంది. ఆ పెద్దరికాన్ని కాపాడుకున్నవాడికి చివరికి దక్కేది సారాంశమే.