మంగళం పాడని సీడీ

తునిలో గవర్రాజు అని ఒకాయన ఉండేవాడు; ఏ పనైనా ఉరుకులు పరుగులతో మొదలుపెట్టి, ఆఖరి పిసరు దగ్గర చేతులు దులుపుకొని లేచిపోయేవాడు. కుళాయి బాగుచేస్తే చివరి మర బిగించేవాడు కాదు. తెల్లారేసరికి వంటింట్లో వరద! అదేమిటని అడిగితే, తప్పు కుళాయిదే అనేవాడు. ఆడలేనమ్మ మద్దెల ఓడు అందిట!

ఆయన అక్క సత్యవేణి అప్పగింతల పాట పాడితే ఊరే కళ్ళు తుడుచుకునేది. అలాంటిది, సొంత కూతురు హైమ పెళ్ళి కుదిరాక ఆమె గొంతులో గడ్డ లేచింది. ఆపరేషన్ తప్పదనీ, తర్వాత గొంతు ఉంటుందో ఉండదో చెప్పలేమనీ డాక్టరు అన్నాడు.

"నా పిల్లని నా పాటతోనే పంపాలిరా తమ్ముడూ," అని ఆమె ఏడ్చింది.

"నేనున్నానుగా అక్కా!" అన్నాడు గవర్రాజు. వెంటనే పాటల్ని సీడీలోకి ఎక్కించే రికార్డరు కొనుక్కొచ్చాడు. మైకు తగిలించి, అక్కని కూర్చోబెట్టి పాడించాడు. పాట బ్రహ్మాండంగా వచ్చింది.

"ఉండరా, మంగళం కూడా పాడనీ. మంగళం పాడకుండా లేవకూడదు," అంది అక్క.

"అసలు పాట అయిపోయిందిగా! ఇంకా మంగళం దేనికి?" అని మైకు లాగేశాడు.

రికార్డరు మీద అక్షరాలు మెరుస్తున్నాయి. భార్య భూలక్ష్మి చూసి, "ఏమండీ, ఇది 'ఫైనలైజ్' అని ఏదో అడుగుతోంది," అంది.

"అడగనీ! పాట వినబడుతోందా, లేదా?" అని ఆయన సీడీ బయటికి తీసేశాడు.

ఆపరేషన్ అయ్యింది. అక్కకి గుసగుస తప్ప గొంతు పెగల్లేదు. పెళ్ళికి ముందురోజు గవర్రాజు ఆ సీడీని అక్కా వాళ్ళింట్లో ప్లేయరులో పెట్టాడు. డిస్క్ లేదంది ప్లేయరు. ఇంకేం, మొదలుపెట్టాడు! సీడీని పంచెతో తుడిచాడు. వైర్లు పీకి మళ్ళీ గుచ్చాడు. ప్లేయరు నెత్తిన రెండు మొట్టాడు. కరెంటోళ్ళని తిట్టాడు. చివరికి సీడీ అమ్మిన కొట్టువాణ్ణి కూడా వదల్లేదు.

"మన రికార్డరులో పాడుతోంది కదండీ. అది అడిగిందేమిటో చూడండి. పోనీ, దాన్నే మండపానికి పట్టుకెళ్దాం," అంది భూలక్ష్మి.

"పెళ్ళికి పెట్టెలు మోసుకెళ్ళమంటావా? మండపంలో మంచి ప్లేయరుంది. అందులో పాడి తీరుతుంది!"

ఏం మనిషండీ! చెవిటివాడి ముందు శంఖం ఊదినా కనీసం ఊదేవాడి బుగ్గలైనా చూస్తాడు. ఈయన అదీ చూడలేదు.

మర్నాడు అప్పగింతల వేళయ్యింది. హైమ కారు దగ్గర నిలబడి, "మావయ్యా, అమ్మ పాట పెట్టవా?" అని అడిగింది. గవర్రాజు మీట నొక్కాడు. డిస్క్ లేదంది. తీశాడు, తుడిచాడు, మళ్ళీ పెట్టాడు. అదే మాట. "వర్జ్యం వచ్చేస్తోందండీ, బయల్దేరాలి," అని మగపెళ్ళివారు తొందరపెట్టారు. సత్యవేణి ముందుకొచ్చి కూతురి చెయ్యి పట్టుకుని తనే పాడబోయింది. పెదవులు కదిలాయి గానీ పాట రాలేదు. కారు కదిలి వెళ్ళిపోయింది.

ఇంటికొచ్చి, గవర్రాజు తలవంచుకుని సీడీని రికార్డరులో పెట్టాడు. అక్షరాలు మళ్ళీ మెరిశాయి. ఈసారి భూలక్ష్మి చెప్పినట్టే ఆ 'ఫైనలైజ్' మీట నొక్కి, పని పూర్తయ్యేదాకా కదలకుండా కూర్చున్నాడు. ఫైనలైజ్ అంటే మరేం లేదు, ఎక్కించిన పాటకి ముగింపు గుర్తు వేయడం. అది పడేదాకా ఆ సీడీని వేరే ప్లేయర్లు గుర్తుపట్టవు. తర్వాత దాన్ని అక్క ప్లేయరులో పెడితే, మొదటి నొక్కుకే పాట గలగలా వచ్చింది.

సత్యవేణి చివరిదాకా వింది. తమ్ముణ్ణి తిట్టలేదు.

"పాట వచ్చిందిరా," అంది గుసగుసగా. "పిల్లే వెళ్ళిపోయింది."

ఆ రోజు నుంచీ గవర్రాజు ఏ పనిలోనూ చివరి మర బిగించకుండా లేవలేదు. కానీ హైమ అప్పగింతలు మళ్ళీ రావు కదా!

నీతి: ఆఖరి పనే కదా అని వదిలేసి లేచిపోయేవాడు, అప్పటిదాకా చేసిన పనంతటికీ తన చేతులతోనే మంగళం పాడుకున్నట్టు.