పైడమ్మ కూర్చున్న వైపు

ముందు ఇవాళ మీరు చూసింది చెప్పండి. బడి ముందు ఎండలో నిలబెట్టారే ఒక పిల్లని, దాన్ని చూసి మీరేం చేశారు? నవ్వారా! అయితే దుప్పట్లు తీసి లేచి కూర్చోండి. ఇది పడుకుని వినే కథ కాదు.

అనగనగా బుట్టలల్లుకునేవాళ్ల ఊళ్ళో నూకాలని ఒక కోడలు. దానికి పైడమ్మని ఎనిమిదేళ్ల కూతురు. ఆ దేశపు రాజుగారిదో దిక్కుమాలిన చట్టం. ఏడాదికోసారి దివాను వచ్చి, చదవలేని పిల్లల పేర్లు బడిలో కొట్టేసి, కోట వెనక బాతులు కాయడానికి తోలుకుపోయేవాడు. చదువు రాకపోతే నేర్పాలి గానీ బాతులేమిటర్రా? అడిగినవాడు లేడు!

పైడమ్మకి బడిలో ఒక్క ముక్క వచ్చేది కాదు. పుస్తకం తిరగేసి పట్టుకునేది. సూరన్న పంతులు చేతిమీద ఒకటిచ్చి సరిగ్గా పెట్టేవాడు. అంతే, నోరు పెగిలేది కాదు. నీ చదువు మీ అమ్మకి పట్టదా, అడిగి రా పో అనేవాడు. ఇంటి దగ్గరేమో తాత ఎదురుగా కూర్చుని అదే పిల్ల గడగడా చదివేది. మీ పంతులికి కళ్లు లేవా, అడిగి రా పో అనేది నూకాలు. అటునుంచి ఇటు తిట్టు, ఇటునుంచి అటు తిట్టు, మోసేది పిల్ల! ఊ కొడుతున్నారా? గట్టిగా కొట్టండి, నాకు ఒళ్లు మండిపోతోంది.

దివాను రేపొస్తాడనగా పైడమ్మ అన్నం ముట్టలేదు. "అమ్మా, బాతులు కరుస్తాయా?" అంది. నూకాలు అల్లుతున్న తట్ట అక్కడే పడేసి, పిల్ల చెయ్యి పట్టుకుని బడికి నడిచింది.

"చదివే పిల్లని మొద్దంటారేం పంతులుగారూ?"

"ఏడాదికి ఇప్పుడు దారి దొరికిందా అమ్మా? చదివించు, చూద్దాం!"

ఇద్దరూ ఎదురుబొదురుగా కూర్చున్నారు. మధ్యలో పుస్తకం, పంతులు వైపు తిరిగి ఉంది. భయపడిన పిల్ల అమ్మ పక్కన ఒదిగింది. అక్కణ్ణించే, అక్షరాలు తలకిందులుగా కనబడే ఆ వైపునుంచే, పేజీ మొత్తం చదివేసింది.

ఇంట్లో ఉన్నది ఒక్క పుస్తకం. తాత తనవైపు పెట్టుకుని వేలు పెట్టి చదివేవాడు. ఎదురుగా కూర్చున్న పిల్ల అలాగే నేర్చేసుకుంది!

పంతులు తను కొట్టిన ఆ పిల్ల చేతిని పట్టుకుని తలదించుకున్నాడు. "నా తప్పూ ఉందండి. అది ఏ వైపు కూర్చుంటోందో నేనూ చూడలేదు," అంది నూకాలు.

మర్నాడు దివాను పుస్తకం ఇచ్చాడు. పైడమ్మ తిరగేసింది. దివాను బంటు పిల్లమీద చెయ్యి వేయబోతే అమ్మ ఒక పక్క, పంతులు ఒక పక్క అడ్డం నిలబడ్డారు. "దాని తీరున చదవనివ్వండి!" అన్నారు. చదివింది. దివాను పేరు ఉంచేశాడు.

ఆ తర్వాత తాత పిల్లని పక్కన కూర్చోబెట్టుకుని, పుస్తకం ముందు దాని తీరునే తలకిందులుగా పెట్టాడు. బడిలో పంతులు వారానికి కాస్త చొప్పున పుస్తకం తిప్పుతూ వచ్చాడు. ఎంత తిప్పాడో సంతరోజున నూకాలు కనుక్కుని వెళ్లి ఇంట్లోనూ అంతే తిప్పేది. మామిడిపళ్ల నాటికి పిల్ల సరిగ్గా చదివేసింది. అప్పుడు నూకాలూ పంతులూ ఇద్దరూ కోటకెళ్లి పోట్లాడి, బాతుల దగ్గరున్న పిల్లలందర్నీ వెనక్కి తెచ్చుకున్నారు. అందరూ సుఖంగా ఉన్నారు.

కథ కంచి దారి పట్టింది, మనం మన ఇంట్లోనే ఉన్నాం. కానీ ఒకటి చెప్పండర్రా. ఇంటికీ బడికీ మధ్య ఉన్నవి నాలుగు వీధులు. ఏడాదంతా అంత చిన్నపిల్ల నడిచిన దారిలో, ఆ పెద్దవాళ్లకి ఒక్కసారి నడవడం ఎందుకంత బరువైంది?