రసంగయ్య సాక్ష్యం

కొండ కింద, అడవి మొదలయ్యే చోట ఒక దొడ్డి ఉంది. ఆ దొడ్డిలో రోజూ తెల్లవారేది రసంగయ్య దయ వల్ల. అంటే, రసంగయ్య అలా అనుకునేవాడు. రసంగి రంగు పుంజు. తోమిన రాగి చెంబులా మెరిసే మెడ, బిందెడు గర్వం. తన కోడి కూయకపోతే ఊరికి తెల్లవారదనుకున్న ముసలమ్మ సంగతి మీరు వినే ఉంటారు. ఇక్కడ అలా అనుకున్నది సాక్షాత్తూ కోడే కాబట్టి నచ్చజెప్పేవాళ్ళు లేకపోయారు.

పోయిన వానాకాలం వాగు పొంగి అవతలి గట్టున ఉన్న దొడ్డి కొట్టుకుపోయింది. అక్కడి గినీ కోళ్ళు ఎనిమిది, తడిసిన రెక్కలతో ఎగురుతూ పడుతూ ఇటొచ్చి గడ్డివాము పక్కన చేరాయి. నల్లటి ఒళ్ళు, ఒంటినిండా తెల్ల చుక్కలు, బోడి నెత్తి. వాటికి పెద్ద ఖైరూన్ బీ.

"మా ముత్తాతలు సముద్రాల అవతలి హబ్షీ దేశం నుంచి ఓడలో వచ్చారన్నా. మేం మాత్రం వాగు దాటి వచ్చాం" అని మొదటిరోజే ఉన్నదున్నట్టు చెప్పింది.

ముసలి ఎద్దు మైలయ్య నెమరు ఆపి, "వాముకి ఆ పక్క ఖాళీయేగా, ఉండండి" అన్నాడు. ఏడాది తిరిగేసరికి ఎనిమిది కాస్తా ముప్పై అయ్యాయి.

ఎండాకాలం చివర్లో వాటికి ఉపవాసాల నెల వచ్చింది. చీకటుండగానే లేచి నాలుగు గింజలు తిని, ఇక పొద్దు గుంకేదాకా నీటిచుక్క కూడా ముట్టవు. గుంకగానే తలా ఒక ఈతపండుతో ఉపవాసం విడుస్తాయి. అంతా బాగానే ఉంది కానీ, గినీ కోడికి గుసగుస చేతకాదు. తెల్లవారుజామున ఒకదాన్నొకటి లేపుకోవడానికి ముప్పై గొంతులూ లేచేవి. తీరా రసంగయ్య మెడ నిక్కించి కూసేసరికి మైలయ్య, "ఎప్పుడో లేచాం లేవయ్యా" అనేవాడు. ఆ మాట రసంగయ్య గుండెలో ముల్లులా దిగింది. తన కూతతో పని లేకపోతే తానెవరు? నాలుగు రోజులు సరిగ్గా మేత మేయలేదు పాపం.

ఎవరి గుండెలో ముల్లు దిగినా నక్కకు వాసన తగులుతుంది. ఓ మధ్యాహ్నం కంచె అవతల నిలబడి పలకరించింది.

"రసంగయ్య బావా, చిక్కిపోయావు."

"నీకెందుకు?"

"తాతలనాటి నుంచి ఈ గడ్డ మీది. మొన్నొచ్చినవాళ్ళు నీకంటే ముందు లేస్తున్నారని కొండమీద అందరూ నవ్వుతుంటే కడుపు తరుక్కుపోయి వచ్చాను."

"వాళ్ళకు ఉపవాసమట."

"నెల రోజులా? తిండి మానేసి ఏం ఆలోచిస్తున్నారో కనుక్కున్నావా? ఎనిమిది వచ్చారు, ముప్పై అయ్యారు."

"మాకూ పిల్లలవుతున్నారుగా."

"మీ పిల్లలు పుడతారు బావా. వాళ్ళ పిల్లలు పెరుగుతారు."

తేడా ఏమిటో రసంగయ్యకు అంతుపట్టలేదు. ఆ సంగతి ఒప్పుకుంటే చిన్నతనమని తల ఊపాడు.

"ఆ రంగు చూడు. నలుపంటే నలుపు కాదు, తెలుపంటే తెలుపు కాదు. చుక్కలు పెట్టుకుని ఏదో దాస్తున్నారు."

"ఏం దాస్తున్నారు?"

"అదే తెలియడం లేదు. అంత బాగా దాస్తున్నారు."

ఇంటికెళ్ళి ఈ మాటలే పెట్ట తెల్లాయమ్మ దగ్గర ఒప్పజెప్పాడు. ఆమె కాలితో మట్టి దువ్వుతూ సాంతం విన్నది.

"తాతలనాటి గడ్డా? నిన్ను సంత నుంచి గోనెసంచిలో వేసి బస్సుమీద తెచ్చారు. దార్లో కళ్ళు తిరిగి పడిపోయానని నువ్వే చెప్పావు."

"అది వేరు."

"మొన్న కాకి మన పిల్ల మీద వాలితే అడ్డం పడింది ఆ బూబమ్మే."

"అది వేరు."

"చెప్పేవాడికి వినేవాడు లోకువ. నక్కతో నీకేం మాటలయ్యా?"

రసంగయ్య తోక విదిలించి గడప దాటాడు.

మర్నాడు నక్క మళ్ళీ వచ్చింది. "పండగ ఎప్పుడట?"

"రేపటితో ఇరవై తొమ్మిది ఉపవాసాలు. ఎల్లుండో, ఆ మర్నాడో."

నక్క మనసులో లెక్క సరిచూసుకుంది. నెల మొదలైనప్పటి నుంచి రోజూ సాయంత్రం కొండ మీద నుంచి గమనిస్తోంది. పొద్దు గుంకగానే ముప్పై తలలూ కిందికి, ఈతపండ్ల మీదికి. అదే సమయానికి నాటుకోళ్ళు గూట్లో చోటు కోసం పొడుచుకుంటుంటాయి. మైలయ్య మూతి కుడితి తొట్టిలో ఉంటుంది. ఆ కాసేపు దొడ్డికి కళ్ళుండవు. పండగైపోతే ఈ వాటం మళ్ళీ దొరకదు.

"రేపు పొద్దు గుంకే వేళకు పడమటి కంప కాస్త పక్కకు లాగి పెట్టు. నేనొచ్చి ఒక్కసారి పళ్ళు చూపిస్తాను. బెదిరి వచ్చినదారినే పోతారు. ఈక కూడా ముట్టను."

"మావాళ్ళ జోలికి?"

"నువ్వు నాకు బావవి" అంది నక్క, నొచ్చుకున్నట్టు మొహం పెట్టి.

మర్నాడు సాయంత్రం రసంగయ్య ముక్కుతో కంప లాగి, కుక్క దూరేంత కంత చేశాడు. ఇక తమాషా చూడాలని ఆ పక్కనే నిలబడ్డాడు.

ఇద్దరూ తప్పు చేసింది ఇక్కడే. నెల రోజులు పక్కనే ఉండి కూడా ఆ ఉపవాసాలేమిటో, ఎలా ముగుస్తాయో ఒక్కరూ అడగలేదు. ఇరవై తొమ్మిదో సాయంత్రం గినీ కోళ్ళు తల దించవు. నెలవంక కనబడితే మర్నాడు పండగ, లేకపోతే ఇంకో ఉపవాసం. అందుకని ఈతపండు ఒక్క గుటకలో మింగి, ముప్పైకి ముప్పై పాక కప్పెక్కి పడమటికి మెడలు చాచాయి. అదేం వింతోనని తెల్లాయమ్మ పిల్లల్ని తీసుకుని గడ్డివామెక్కింది. మైలయ్య కూడా కుడితి వదిలి బయటికొచ్చి మోర ఎత్తాడు. నక్క వచ్చేదీ పడమటి నుంచే.

రసంగయ్య కంతకు అడ్డంగా ఉరికాడు. "బావా, పోపో, అందరూ చూస్తున్నారు" అనే లోపల నక్క కంతలో దూరింది. నేల మీద వంగిన తలల కోసం వెతికింది. ఒక్కటీ లేదు. ఎదురుగా ఉన్నది రసంగయ్య. కాలితో అతన్నే అదిమిపెట్టింది.

"నన్నా? బావనన్నావుగా."

"ఆకలికి చుట్టరికాలుండవు బావా. రంగులు అసలే ఉండవు" అని మెడ పట్టుకుంది.

కప్పు మీద నుంచి అరవై కళ్ళు ఇది చూశాయి. ముందుగా దూకింది ఖైరూన్ బీ. వెనకాలే మిగతావీ. ముప్పై గొంతులూ, అరవై రెక్కలూ నక్క నెత్తిమీద పడ్డాయి. ఆ గోలకే నక్కకు సగం చెవుడు వచ్చింది. మైలయ్య కొమ్ము దించి వెనక నుంచి ఒక్కటిచ్చాడు. నక్క పుంజును కంపల్లోకి విసిరి, కొండకేసి పరుగో పరుగు.

అంతా సద్దుమణిగి కోళ్ళు మళ్ళీ కప్పెక్కేసరికి తొలకరి మబ్బు పడమటి దిక్కంతా కమ్మేసింది.

"ఇంకో రోజు ఉపవాసమా నానీ?" అని అమ్మమ్మ ఖైరూన్ బీని అడిగింది ఒక పిల్ల, ఏడుపు గొంతుతో.

"నేను చూశాను" అని కంపల్లోంచి బొంగురు గొంతు వినబడింది. రసంగయ్య వెల్లకిలా పడి ఉన్నాడు. మెడ మెలిపడి ఆకాశం వైపే ఉండిపోయింది. "గోరు ముక్కంత ఉంది. తాటిచెట్టుకు ఎడమపక్క. ఇంతలో మబ్బు మూసింది."

ఖైరూన్ బీ దిగొచ్చి అతని పక్కన నిలబడింది. "నెలవంక విషయంలో నిజం చెప్పేవాడి మాటే మాకు చెల్లుతుందన్నా. అందుకని ఒక్కటి అడుగుతాను. ఈ కంప గాలికి తొలగిందా?"

గాలి నిజంగానే వీస్తోంది. అవునంటే పెద్దరికం మిగులుతుంది. మైలయ్య చూస్తున్నాడు, తెల్లాయమ్మ చూస్తోంది, పిల్లలు చూస్తున్నారు. రసంగయ్యకు పంటికింద రాయిలా ఆ 'అవును' అడ్డం తిరిగింది. పళ్ళు లేని జాతైనా సరే.

"గాలి కాదు. నేనే తీశాను. మీరు పోవాలని తీశాను. నాకంటే ముందు లేస్తున్నారని."

తెల్లాయమ్మ కళ్ళు మూసుకుంది. సిగ్గుతో రసంగయ్యకు నెత్తి మీది ఎర్రటి జుట్టు ఇంకా ఎర్రబడింది.

"వీడి సాక్ష్యమా నానీ మనకు?" అంది ఇందాకటి పిల్ల.

"తన తప్పుకు తానే సాక్ష్యం చెప్పుకున్నాడే పిల్లా. ఇక చందమామ మీద అబద్ధమాడి ఏం బావుకుంటాడు?" అంది ఖైరూన్ బీ. "తాటిచెట్టుకు ఎడమపక్క చూడండి అందరూ."

ముప్పై మెడలు అటు తిరిగాయి. మబ్బు అంచు కాస్త జరిగింది. సరిగ్గా అక్కడే, గోరు ముక్కంత. పండగ మర్నాడేనని తేలిపోయింది. పిల్లలు ఈతపండ్ల బుట్ట మీద పడితే, మైలయ్య కొమ్ముతో రసంగయ్యను కంపల్లోంచి మెల్లగా బయటికి తీశాడు.

కొండమీద నక్క మాత్రం పిర్ర నాకుకుంటూ, ఇరవై ఎనిమిది రోజులు దించిన తలలు ఇరవై తొమ్మిదో రోజు ఎందుకెత్తాయా అని ఇప్పటికీ ఆలోచిస్తూనే ఉందట.

నీతి: పొరుగువాణ్ణి వెళ్ళగొట్టడానికి తీసిన కంతలోంచి వచ్చేవాడికి, ముందు దొరికేది కంత తీసినవాడే.