పసుపుదారం కూజా

కుందవరమని ఒకానొక కొండరాజ్యం. ఆ కొండవాలుల నిండా ద్రాక్షతోటలే. తోటతోటకీ ఒక ఆసవశాల, అందులో బానల నిండా ఎర్రటి ద్రాక్షాసవం.

ఆ రాజ్యాన్నేలే ప్రచండసేనుడికి ఏటా ఒకసారి పరివారంతో ఆసవశాలలన్నీ తిరిగి రుచి చూడటం సరదా. చూసి ఊరుకుంటే బాగుండేది. ఒక గుక్క పుచ్చుకుని, కళ్లు మూసుకుని, "ఊఁ... దీనికి తూర్పుగాలి కాస్త ఎక్కువ తగిలింది" అనేవాడు. "ఆహా! మాకు తట్టనే లేదు" అనేవారు మంత్రులు.

ఆ ఏడు రాజు సొంత తోట మొదటిసారి కాపుకొచ్చింది. దగ్గరుండి ఆసవం తీయించాడు. ఇక పట్టపగ్గాల్లేవు. "నా ఆసవానికి సాటిరాని వాళ్ల తోటలు లాగేసుకుంటాను. చేతకాని వాళ్ల చేతిలో ద్రాక్షతీగ ఎందుకు?" అని చాటింపు వేయించాడు.

మొదటి మజిలీ నాగసానమ్మ ఆసవశాల. భర్త పోయాక ముప్పై ఏళ్లుగా ఆ తోటే ఆమె లోకం. రాజు ఆమె ఆసవం చుక్క నాలుక మీద వేసుకుని మొహం చిట్లించాడు. వెంట తెచ్చుకున్న తన ఆసవం ఒక గుక్క తాగి తల పంకించాడు. మంత్రులూ అలాగే చిట్లించారు, అలాగే పంకించారు.

నాగసానమ్మ కళ్లనీళ్లు పెట్టుకుంది. "తోట తీసుకుంటే నేనెక్కడికి పోను దొరా? ప్రతి తీగా నా చేత్తో పాతిందే."

రాజు వినిపించుకోలేదు. ఆస్థానంలో మాటకారి అని పేరున్న చెన్నప్ప వైపు తిరిగాడు. "ఏమయ్యా, నువ్వింకా నోరు విప్పలేదే? ఏది గొప్పదో తీర్పు చెప్పు."

నిజం చెబితే తల పోతుంది. అబద్ధం చెబితే అవ్వ తోట పోతుంది.

"ప్రభూ, ఖాళీ కడుపుతో చెప్పే తీర్పు నిలవదు. భోజనాలు కానివ్వండి, చెబుతాను" అన్నాడు చెన్నప్ప.

పందిరి కింద విస్తళ్లు పరిచారు. చెన్నప్ప ఒకేలాంటి కూజాలు రెండు తెప్పించి, ఒకదాంట్లో రాజు ఆసవం, ఒకదాంట్లో అవ్వ ఆసవం నింపాడు. ఒకదాని మెడకు పసుపుదారం, రెండోదానికి తెల్లదారం కట్టాడు. ఏది ఎవరిదో తనకూ అవ్వకూ తప్ప ఎవరికీ తెలియదు. "ఎవరికి ఏది నచ్చితే అది అడిగి పోయించుకోండి" అని తానే వడ్డనకు దిగాడు.

వేటమాంసం పులుసు ఘాటుగా ఉంది. రాజు రెండూ రుచి చూశాడు. "ఆ తెల్లదారం వద్దయ్యా, గొంతు పట్టేస్తోంది. పసుపుదారం పొయ్యి" అన్నాడు. కాసేపటికి మళ్లీ గిన్నె చాపాడు. ఆ పైన ఇంకోసారి. మంత్రులు కూడా పసుపుదారమే అడిగారు.

చేతులు కడుక్కుని రాజు అడిగాడు. "ఏదయ్యా నీ తీర్పు?"

"నేను చెప్పడమెందుకు ప్రభూ? ఏలినవారే మూడుసార్లు చెప్పారుగా!"

చెన్నప్ప కూజాలు రెండూ ముందుపెట్టాడు. పసుపుదారం కూజా అడుగంటింది. తెల్లదారం కూజా మెడదాకా నిండే ఉంది.

"ఈ ఖాళీ కూజా ఎవరిది?"

"అవ్వది ప్రభూ."

మంత్రులు తలలు వంచుకున్నారు. రాజు కళ్లు ఎర్రబడ్డాయి. "అంటే నా ఆసవం బాగాలేదంటావా?"

"ఎంతమాట! మీదాన్ని అందరూ నాలుకతో మెచ్చుకున్నారు, అవ్వదాన్ని గొంతుతో మెచ్చుకున్నారు. నాలుకకు భయముంటుంది ప్రభూ. గొంతుకు దాహం తప్ప ఇంకేమీ తెలియదు."

రాజు ఖాళీ అయిన తన గిన్నె వైపు చూసుకున్నాడు. చూసి చూసి, పకపకా నవ్వేశాడు. అక్కడికక్కడే చాటింపు రద్దుచేసి, చేతి కంకణం తీసి చెన్నప్పకు తొడిగాడు. నాగసానమ్మను దగ్గరకు పిలిచాడు.

"అవ్వా, నా ఆసవం ఇంకా నలభై బానలుంది. ఏం చేయమంటావు?"

అవ్వ తెల్లదారం కూజాలో వేలు ముంచి చప్పరించింది. "పారబోయకండి దొరా. రెండు నెలలు మూతలు తీసి బాగా పులవనివ్వండి. ఊరగాయల్లోకి దివ్యంగా ఉంటుంది."

ఈసారి రాజు నవ్వుతూ నవ్వుతూ, పొట్ట పట్టుకుని పందిరి గుంజకు ఆనుకోవాల్సి వచ్చింది.